పుంగనూరు ఆవూ, అనుపమ చిప్పూ

మొన్న సంక్రాంతికి ఊరికి పోతూ బట్టల సంచిలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు కూడా వేసుకెళ్ళాను. అరచెయ్యంత ఉంటుంది. దాని మీద ఇంటెల్ లేదు, మన ఫోన్లలో ఉండే ఆర్మ్ కూడా లేదు. రిస్క్-ఫైవ్ అనే జాతి ప్రాసెసర్ ఉంది. సెలవుల్లో దానికి లైనక్స్ కెర్నెల్ నేనే కంపైల్ చేసి ఎక్కించాలని ప్లాను.

ఊరంటే గంగవరం. విశాఖపట్నం దగ్గర పోర్టు ఉన్న గంగవరం కాదండీ, చిత్తూరు జిల్లాలో పలమనేరు పక్కనుండే గంగవరం. (ఈ ముక్క చెప్పకపోతే "మీ ఊళ్ళో సముద్రం ఉంది కదా" అని అడిగేవాళ్ళు మా ఆఫీసులో ఇప్పటికీ ఉన్నారు. మాకు చెరువు నిండితేనే పండగ.)

బోర్డుకి వైర్లు తగిలిస్తా ఉంటే మా అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏంద్రా నాయనా అది, రేడియో కడుపు కోసినట్టుండాది?"

"కంప్యూటరే అవ్వా."

"తెర యాడుండాది?"

"తెర లేదు దీనికి."

"తెర లేకుండా ఏం కంప్యూటరు రా, మొగం లేని మనిషి మాదిర! ఇంతకీ ఇది ఏం పని చేస్తుంది?"

ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. నిజం చెప్పాలంటే నా ల్యాప్‌టాప్ చెయ్యలేని పని అది ఒక్కటీ చెయ్యదు. పైగా అన్నీ నిదానంగా చేస్తుంది. మరెందుకు దీనితో కుస్తీ? ఈ టపా ఆ ప్రశ్నకి జవాబే. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

రిస్క్ అంటే ఏమిటో మన ఐటీ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చాలామందికి పరీక్ష ముందు రాత్రి చదివిన నాలుగు పాయింట్లే మిగిలి ఉంటాయి కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1970ల దాకా ప్రాసెసర్లు రానురాను బరువెక్కాయి. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ పది పనులు చేసేది. 1975 ప్రాంతంలో ఐబీఎంలో జాన్ కాక్ బృందం, 1980 తర్వాత బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ బృందాలు ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. ఇన్‌స్ట్రక్షన్లు తక్కువ ఉండాలి, చిన్నవిగా ఒకే పొడవులో ఉండాలి. మెమరీని ముట్టుకునేది లోడ్, స్టోర్ రెండే. మిగతా తెలివంతా కంపైలర్ చూసుకుంటుంది. అలా చేస్తే తక్కువ ట్రాన్సిస్టర్లతో ఎక్కువ పని జరుగుతుంది.

మా వైపు వాళ్ళకి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. రిస్క్ అంటే పుంగనూరు ఆవు. పొట్టిది, మేత తక్కువ, కరువుకి తట్టుకుంటుంది, పాలు చిక్కన.

ఈ పోలిక ఊరికే తేలేదు. పుంగనూరు ఆవు కథ మా ఏరియాలో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు ఇంటింటా ఉండేది. తర్వాత జెర్సీలు, హెచ్ఎఫ్‌లు వచ్చాయి. పూటకి ఇన్ని లీటర్లు అని లెక్కేసే కాలంలో చిక్కదనం ఎవరడుగుతారు? జాతి దాదాపు అంతరించే దాకా వచ్చింది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం వాళ్ళు కొన్నిటిని కాపాడుకుంటూ రాబట్టి మిగిలింది. చిన్నప్పుడు మేము ఆ ఫారం పక్కనుంచే బస్సులో పోయేవాళ్ళం. ఆ ఆవుల్ని జూలో జంతువుల్లాగా కిటికీలోంచి చూసేవాణ్ణి. ఇప్పుడు మా మామ ఇంట్లోనే ఒకటుంది. ఫారంలో కాపాడినంత కాలం అది మిగిలిన జాతి. జనం మళ్ళీ ఇళ్ళల్లో కట్టేసుకోవడం మొదలుపెట్టాకే అది బతికిన జాతి అయింది. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. నేను చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

సరే, ఇక యూనిక్స్ దగ్గరికి వద్దాం.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే మిషన్ మీద మొదలుపెట్టినప్పుడు యూనిక్స్ అసెంబ్లీలో ఉండేది. 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. 1977, 78లలో అసలు తమాషా జరిగింది. ఆస్ట్రేలియాలో వొలంగాంగ్ యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్‌డేటా 7/32 మీద, బెల్ ల్యాబ్స్ వాళ్ళు ఇంటర్‌డేటా 8/32 మీద, ఇంచుమించు ఒకే కాలంలో, విడివిడిగా యూనిక్స్‌ని నడిపించారు. పీడీపీతో ఏ పోలికా లేని మిషన్లవి. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టం అంటే ఆ మిషన్‌తో పుట్టి ఆ మిషన్‌తోనే పోయేది. ఇల్లు మారితే గోడలు కూడా మోసుకెళ్ళలేం కదా. యూనిక్స్ మాత్రం సామాను సర్దుకుని వేరే ఇంటికి వెళ్ళగలదని తేలింది.

దీని ఫలితం రిస్క్ వాళ్ళకి బాగా కలిసొచ్చింది. కొత్త ప్రాసెసర్ కనిపెట్టేవాడి మొదటి భయం "దీని మీద నడవడానికి ఏముంది?" అనే. ఇప్పుడు సీ కంపైలర్ ఒకటి తయారు చేసుకుని, కెర్నెల్‌లో మిషన్‌ని ముట్టుకునే చిన్న భాగం తిరగరాసుకుంటే ఆపరేటింగ్ సిస్టం మొత్తం వచ్చి కూర్చుంటుంది. 1986లో హెచ్‌పీ పీఏ-రిస్క్, అదే రోజుల్లో మిప్స్ చిప్పులు, 1987లో సన్ వాళ్ళ స్పార్క్, 1992లో డెక్ వాళ్ళ ఆల్ఫా వరసగా దిగాయి. వీటికి కొనేవాళ్ళని తెచ్చిపెట్టడంలో యూనిక్స్‌ది పెద్ద పాత్ర.

ఇక్కడ మన జిల్లా వాడొకాయన కనబడతాడు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నది ఆయనే. 1980ల మొదట్లో కార్నెగీ మెలన్‌లో ఆయనా, ఆయన సహచరులూ "త్రీ ఎం" అని ఒక కొలత పెట్టారు. యూనివర్సిటీలో పరిశోధన చేసేవాడి బల్ల మీద కనీసం ఒక మెగాబైట్ మెమరీ, మెగాపిక్సెల్ తెర, సెకనుకి పది లక్షల ఇన్‌స్ట్రక్షన్ల వేగం ఉన్న కంప్యూటర్ ఉండాలని. వర్క్‌స్టేషన్ల పరిశ్రమంతా ఆ కొలత వెంట పరిగెత్తింది. ఆ పరుగులోనే రిస్క్ చిప్పులు బజార్లోకొచ్చాయి. పెద్ద గదిలో ఉండే మిషన్ కాదు, నీ బల్ల మీద నీకొకటి అన్నాడు చూడండీ, అది గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు హైదరాబాద్.

1980లలో క్రే సూపర్ కంప్యూటర్ మనకివ్వడానికి అమెరికా పెట్టిన షరతులు, దాంతో మనవాళ్ళకి పట్టుదల రావడం, 1988లో సీడాక్ పెట్టడం, 1991లో పరమ్ 8000 తయారవడం అందరికీ తెలిసిన కథే. 1998 నాటి పరమ్ 10000లో సన్ వాళ్ళ అల్ట్రాస్పార్క్ ప్రాసెసర్లు, వాటి మీద సొలారిస్ నడిచేవి. అంటే యూనిక్స్ అప్పటికే మన సూపర్ కంప్యూటర్లలో ఉంది. అయితే చిప్పు మాత్రం కొనుక్కొచ్చిందే.

అంతగా తెలియని కథ ఇంకొకటుంది. అదే 1988లో డీఆర్డీవో హైదరాబాదులో అనురాగ్ అనే ల్యాబ్ పెట్టింది. విమానాల మీద గాలి ఎలా పారుతుందో లెక్కలు కట్టడానికి పేస్ అనే ప్యారలల్ కంప్యూటర్లు అక్కడ తయారయ్యాయి. ఆ ల్యాబ్ వాళ్ళు అక్కడితో ఆగకుండా ప్రాసెసరే సొంతంగా డిజైన్ చేశారు. 32 బిట్ల రిస్క్ ప్రాసెసర్, వేగం 33 మెగాహెర్ట్జ్, పేరు అనుపమ. (అనురాగ్ వాళ్ళింట్లో అనుపమ పుట్టింది! సినిమా టైటిల్‌లా లేదూ? మా రూమ్మేట్‌కి "అనుపమ గురించి రాస్తున్నా" అంటే హీరోయిన్ అనుకుని వెంటనే కుర్చీ లాక్కున్నాడు. 33 మెగాహెర్ట్జ్ అనగానే లేచిపోయాడు.)

అనుపమకి ప్రోగ్రాములు రాసుకోవడానికి టూల్‌కిట్ చేశారు, పరీక్షించుకోవడానికి సింగిల్ బోర్డ్ కంప్యూటర్ చేశారు. తర్వాత దాని కోర్ చుట్టూనే ఇంకో చిప్పు కట్టారు. పేరు అబాకస్. ఇందులో అదనంగా చేర్చినవేమిటో చూడండి: మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్, ఎల్2 క్యాష్ కంట్రోలర్, ఎస్‌డీర్యామ్ కంట్రోలర్, పీసీఐ బస్సు. ఎందుకంటే దాన్ని లైనక్స్ నడిచే డెస్క్‌టాప్ పనులకి పనికొచ్చేలా తయారు చేశారు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చింది ఆ ఎంఎంయూ. అది లేకుండా చిప్పు బ్రహ్మాండంగా పని చేస్తుంది. లెక్కలు కడుతుంది, క్షిపణిలోనో రాడార్‌లోనో ఒకే ప్రోగ్రామ్‌ని ఏళ్ళ తరబడి నడుపుతుంది. అది చేర్చారంటే మాత్రం "దీని మీద మాకు తెలియని మనుషులు, మాకు తెలియని ప్రోగ్రాములు నడుపుకోవాలి" అని ఎవరో అనుకున్నారన్నమాట. యూనిక్స్‌కి తలుపు తెరవడమంటే అదే.

ఎంఎంయూ అంటే మా ఊరి లెక్కలో కరణం. ఊళ్ళో భూమి ఒకటే. కానీ ప్రతి రైతు చేతిలో ఒక పాసుపుస్తకం ఉంటుంది. ప్రతి ప్రోగ్రామూ "నా భూమి ఒకటో నంబరు నుంచి మొదలు" అనుకుంటుంది. ఆ ఒకటో నంబరు నిజంగా ఏ గట్టు పక్కనుందో కరణం రిజిస్టరు చూసి చెప్తాడు. ఆ రిజిస్టరే పేజ్ టేబుల్. రోజూ అడిగే నంబర్లు ఆయనకి నోటికొచ్చు, రిజిస్టరు తెరవక్కర్లేదు. దాన్నే మనవాళ్ళు టీఎల్‌బీ అంటారు. పక్కవాడి చేలోకి నాగలి పెడితే కరణం అడ్డుకుంటాడు. అదే మనందరికీ పరిచయమైన సెగ్మెంటేషన్ ఫాల్ట్.

యూనిక్స్‌లో ఫోర్క్ కూడా ఇంతే. అన్నదమ్ములు కాగితం మీద భాగాలు పంచుకున్నారు, భూమి మాత్రం ఉమ్మడిగానే సాగవుతోంది. తమ్ముడు "నా వాటాలో టమాటా పెడతా" అన్న రోజు ఆ మడి ఒక్కటి కొలిచి విడదీస్తారు. పుస్తకంలో దాన్ని కాపీ-ఆన్-రైట్ అని రాశారు, మా ఊళ్ళో అది ఎప్పట్నుంచో ఉంది. కరణం లేని ఊళ్ళో ఇది కుదరదు. 1998లో ఎంఎంయూ లేని చిప్పుల కోసం యూసీలైనక్స్ అని ఒకటొచ్చింది గానీ, అందులో పూర్తి ఫోర్క్ లేదు, వీఫోర్క్‌తో సర్దుకోవాలి.

ఇక పోర్ట్ చెయ్యడం అంటే ఏమిటో చేసినవాడికే తెలుస్తుంది. ముందు కంపైలర్‌కి కొత్త ప్రాసెసర్ భాష నేర్పాలి. తర్వాత బూట్‌లోడర్. తర్వాత కెర్నెల్‌లో అసెంబ్లీ ముక్కలు: ఇంటరప్ట్ వస్తే రిజిస్టర్లు ఎలా దాచుకోవాలి, ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి ఎలా దూకాలి, టైమర్ ఎలా కొట్టాలి, పేజ్ టేబుల్ ఎలా నింపాలి. ఇన్నీ చేసి కరెంటిస్తే సీరియల్ కన్సోల్ మీద ఏమీ రాదు. రోజుల తరబడి ఏమీ రాదు. తప్పు కంపైలర్‌లోనా, మీ అసెంబ్లీలోనా, చిప్పులోనేనా? మూడూ కొత్తవే, దేన్ని నమ్ముతారు? చివరికి ఒక రాత్రి ఒక్క అక్షరం వస్తుంది. ఆ అక్షరానికి పిల్లాడి మొదటి మాటకున్నంత విలువ.

లైనక్స్ కూడా పుట్టుకతో ఈ విద్య తెలిసింది కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసినప్పుడు అది 386కి కట్టేసిన ఆవు. 1994లో డెక్‌లో పనిచేసే జాన్ హాల్ చొరవతో ఆయనకి ఒక ఆల్ఫా మిషన్ అందింది. ఆ పోర్ట్ చేస్తూ చేస్తూ కెర్నెల్‌లో మిషన్ భాగం, ఉమ్మడి భాగం విడదీశారు. 1995 మార్చిలో వచ్చిన 1.2 వెర్షన్‌లో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ చేరాయి. ఇప్పటికీ కెర్నెల్ సోర్సులో "ఆర్చ్" అనే డైరెక్టరీ తెరిస్తే ఒక్కో ప్రాసెసర్ జాతికి ఒక్కో గది ఉంటుంది. ఒక రకంగా అది ప్రాసెసర్ల జనాభా లెక్కల రిజిస్టరు.

అందులో అనుపమ పేరుతో గది లేదు. అబాకస్ పేరుతో కూడా లేదు.

తప్పు పట్టడానికి చెప్పట్లేదు ఈ మాట. అది రక్షణ శాఖ ల్యాబ్. దాని పని మనకి బొమ్మలు చేసివ్వడం కాదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత డీఆర్డీవో సంస్థల మీద ఎన్ని ఆంక్షలు పడ్డాయో తెలిసినవాళ్ళు, వాళ్ళు చిప్పు చేశారంటేనే చేతులెత్తి దణ్ణం పెడతారు. నా బాధ వేరే. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పేపర్‌లో 8085 చదివాను, మిప్స్ పైప్‌లైన్ చదివాను. మన హైదరాబాదులో ఎంఎంయూతో సహా ఒక రిస్క్ చిప్పు తయారైందని ఒక్క లెక్చరరూ చెప్పలేదు. వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు. ఆ బోర్డు ఏ కాలేజీ ల్యాబ్‌లోనూ నా కంటపడలేదు, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో అంతకన్నా కనబడలేదు. ఫారంలో ఆవు ఫారంలోనే ఉండిపోయింది.

ప్రభుత్వ సంస్థ కాబట్టి అలా అయింది, ప్రైవేటు వాళ్ళయితే బతికించేవాళ్ళు అంటారా? అయితే కుప్పం పోదాం రండి.

2002 ఫిబ్రవరిలో హెచ్‌పీ కంపెనీ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. మా పెద్దమ్మ వాళ్ళది అటువైపే, అమెరికా కంపెనీ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారట. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ కంపెనీ తన సొంత పీఏ-రిస్క్‌కి సెలవు చెప్పి ఇంటెల్‌తో కలిసి చేసిన ఇటానియం వైపు నడుస్తోంది. అదే ఏడాది మే నెలలో కాంపాక్‌ని కొనడంతో ఆల్ఫా కూడా వాళ్ళ చేతికొచ్చింది. దానికీ సెలవే. ఇన్ని చేసి నిలబెట్టాలనుకున్న ఇటానియం సరఫరా 2021లో ఆగిపోయింది. హెచ్‌పీ-యూఎక్స్‌కి 2025 చివరి దాకానే సపోర్ట్ అన్నారు. డబ్బుకి కొదవ లేదు, ఇంజనీర్లకి కొదవ లేదు. అయినా అంతే.

ఇప్పుడు మళ్ళీ ఆర్చ్ డైరెక్టరీ చూడండి. 2024 జనవరిలో వచ్చిన 6.7 వెర్షన్‌లో ఇటానియం గది ఖాళీ చేయించారు. ఆల్ఫా, పీఏ-రిస్క్ గదులు మాత్రం ఉన్నాయి! కంపెనీలు వదిలేసి ఏళ్ళయింది. కానీ అటక మీది పాత మిషన్ దింపి, దుమ్ము దులిపి, కొత్త కెర్నెల్ ఎక్కించి, పగిలింది అతికే పిచ్చోళ్ళు కొందరున్నారు. వాళ్ళ వల్లే అవి బతికున్నాయి. చిప్పు ఆయుష్షు కంపెనీ జాతకంలో ఉండదు, దాన్ని ఇంట్లో కట్టేసుకున్న మనుషుల చేతుల్లో ఉంటుంది.

నా సొంత గోడు కూడా ఒకటుంది. నా మొదటి ఉద్యోగంలో (కంపెనీ పేరొద్దు లెండి) మిప్స్ జాతి చిప్పు ఉన్న ఒక నెట్‌వర్క్ పెట్టెకి కెర్నెల్ పని చేశాను. రెండేళ్ళు. ఎప్పటిదో పాత కెర్నెల్, దాని మీద వేల ప్యాచ్‌లు. "వీటిని బయటి కెర్నెల్‌కి పంపుదాం సార్, అందరితో కలిసి ముందుకెళ్తాయి" అని రెండు మూడుసార్లు అడిగాను. "కస్టమర్ దానికి డబ్బులివ్వడు" అన్నారు. న్యాయమే, ఇవ్వడు. ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. కొత్త మోడల్ ఆర్మ్ మీద చేస్తున్నాం, ఈ ప్రాజెక్ట్ మూసేస్తున్నాం అని. నా రెండేళ్ళ కోడు ఏ సర్వర్‌లో మగ్గుతోందో, అసలు ఉందో లేదో. నేనూ చూడలేను, ఇంకెవడూ చూడలేడు. 2021లో మిప్స్ కంపెనీయే ఇకముందు రిస్క్-ఫైవ్ చిప్పులు చేస్తామని ప్రకటించినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పట్నుంచే నాకీ పాత చిప్పుల పిచ్చి పట్టుకుంది. చదువుతూ పోతే 2018 అనే సంవత్సరం దగ్గర ఆగిపోయాను. ఆ ఏడాది జనవరిలో వచ్చిన లైనక్స్ 4.15లో రిస్క్-ఫైవ్‌కి గది ఇచ్చారు. జూన్‌లో వచ్చిన 4.17లో ఒకేసారి ఎనిమిది గదులు కూల్చారు. బ్లాక్‌ఫిన్, క్రిస్, ఎఫ్ఆర్‌వీ, ఎం32ఆర్, మెటాగ్, ఎంఎన్10300, స్కోర్, టైల్. ఒక్కో పేరు వెనక ఒక్కో కంపెనీ, కొన్నేళ్ళ జీతాలు, కొందరి నిద్రలేని రాత్రులు. దాదాపు 5 లక్షల లైన్ల కోడు తీసేశారు. చూసుకునే మనిషి లేడు, వాడే మనిషి లేడు. కారణం అంతే.

అదే ఏడాది జూలైలో మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ కామకోటి బృందం చేసిన శక్తి ప్రాసెసర్ చిప్పు మీద లైనక్స్ బూట్ అయింది. ఆ చిప్పుని అమెరికాలో ఇంటెల్ ఫ్యాక్టరీలో పోత పోశారు. ఆ తర్వాత అదే ఏడాది ఇంకో శక్తి చిప్పుని మన చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబ్‌లో, 180 నానోమీటర్ల పాత పద్ధతిలో తయారు చేశారు. వేగంలో ఇది ఏ ఫోన్‌కీ సాటి రాదు. కానీ శక్తి వాళ్ళు రెండు పనులు చేశారు. ఒకటి, ఇన్‌స్ట్రక్షన్లకి బర్క్‌లీలో 2010లో మొదలై అందరికీ తెరిచి ఉంచిన రిస్క్-ఫైవ్‌ని ఎంచుకున్నారు. కాబట్టి కంపైలర్, కెర్నెల్ మళ్ళీ మొదట్నుంచి రాసుకునే గొడవ లేదు, ప్రపంచమంతా రాసింది వాడుకోవచ్చు. రెండు, చిప్పు డిజైన్ సోర్సు కూడా బయట పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కేంద్రం రిస్క్-ఫైవ్ కోసం ఒక కార్యక్రమం ప్రకటించింది. సీడాక్ వాళ్ళ వేగా ప్రాసెసర్లు కూడా ఈ జాతివే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో రిస్క్-ఫైవ్ అధికారిక జాబితాలోకి చేరింది.

అనుపమకి దొరకనిది శక్తికి దొరికింది. తెలివి తేడా కాదది, అబాకస్‌లో ఎంఎంయూ పెట్టిన ఇంజనీర్ల తెలివి ఎవరికీ తీసిపోదు. దొరికింది ఊరు. కరణం, రిజిస్టర్లు, గట్లు, పక్క రైతులు అన్నీ ముందే ఉన్న ఊరు.

అయితే ఊరుంటే సరిపోదు. ఊళ్ళో కాపురం ఉండాలి. మన తెలుగువాళ్ళం ఎన్ని వేలమందిమి చిప్ డిజైన్, కెర్నెల్, కంపైలర్ కంపెనీల్లో పని చేస్తున్నాం? హైదరాబాదులో, బెంగళూరులో, అటు శాన్ హోసేలో? ఎవరి చిప్పుకో పగలంతా డ్రైవర్లు రాస్తాం. మన దేశంలో డిజైన్ చేసిన చిప్పు మీద ఒక్క ఆదివారమైనా ఒక్క ప్రోగ్రామ్ కంపైల్ చేసి చూసినవాళ్ళం ఎంతమందిమి? నేనూ చెయ్యలేదు, నీతులు చెప్పట్లేదు. నా సంచిలో ఉన్నది కూడా చైనా బోర్డే. ఇంకో ఇరవై ఏళ్ళకి ఎవరో కుర్రాడు కూర్చుని "శక్తి అని ఒకటి ఉండేదట, మా లెక్చరర్లెవరూ చెప్పలేదు" అని రాసే పరిస్థితి రాకూడదనే నా ఆశ. అది రాకుండా ఆపగలిగేది ప్రభుత్వ ప్రకటనలు కాదు, బల్ల మీద బోర్డు పెట్టుకుని బగ్ రిపోర్టులు రాసే జనం. నీ బల్ల మీద నీకొకటి అన్న కాటూరు పెద్దాయన మాట ఇక్కడే పనికొస్తుంది.

ఇంకో విన్నపం. ఇది చదివే వాళ్ళలో కంచన్‌బాగ్ వైపు ల్యాబుల్లో పని చేసి రిటైరైన వాళ్ళో, వాళ్ళ పిల్లలో తప్పకుండా ఉంటారు. రహస్యాలేమీ వద్దు. అనుపమ బోర్డు మీద మొదటి అక్షరం వచ్చిన రాత్రి ఎలా ఉందో, ఎంఎంయూ పెట్టాల్సిందేనని ఎవరు పట్టుబట్టారో, ఆ రోజు క్యాంటీన్‌లో ఏం తిన్నారో, అవి రాయండి. బెల్ ల్యాబ్స్ వాళ్ళ కబుర్లు మనకి నోటికొచ్చు. మన వాళ్ళవి మనం రాసుకోకపోతే ఎవరు రాస్తారు?

మళ్ళీ ఊరికొస్తే, కనుమ నాటి రాత్రి కెర్నెల్ కంపైల్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మా గంగవరంలో ఇది వింతేమీ కాదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కంపైల్ పూర్తయింది. బోర్డుని పవర్ బ్యాంకుకి తగిలించాను. ఫోన్ ఛార్జ్ చేసేంత కరెంటు చాలు దానికి (తక్కువ మేత అని చెప్పాను కదా). మొదటిసారి ఏమీ రాలేదు. డివైస్ ట్రీలో ఒక తప్పుంది, దిద్దాను. రెండోసారి సగం దాకా వచ్చి ఆగింది. మూడోసారి చీకట్లో ఆ అక్షరాలు గబగబా పైకి పాకి చివర్లో లాగిన్ అని అడిగింది.

అవ్వ మంచం మీద నుంచే "ఏమైందిరా, నీ మొగం లేనిది పలికిందా?" అంది.

"పలికింది అవ్వా."

"ఏమనింది?"

"ఎవరు నువ్వు అని అడుగుతా ఉండాది."

"మన పిల్లోడే అని చెప్పు. చెప్పి పడుకో, పొద్దుపోయింది."